మూడో కొండ మీద ఖాళీ గడులు

మద్దిలపాలెం, విశాఖపట్నం
12 జూలై 2024

పెదనాన్నకి హేమ రాస్తున్నది.

నీ కవరు నిన్న అందింది. నాలుగు గ్రాఫు కాయితాలూ నలగకుండా వచ్చాయి. ముప్పై ఏళ్ళు తపాలా సంచి మోసిన మనిషివి కదా, అట్టముక్క పెట్టి మరీ కట్టావు. నాతో గదిలో ఉండే భానుశ్రీ నీ కొండల బొమ్మలు చూసి, "మీ పెదనాన్న ఇంజినీరా?" అని అడిగింది. కాదు, హుకుంపేట నుంచి జాకరగుడకి రోజూ సంచితో నడిచిన రన్నర్ అని చెప్పాను.

నేను చేస్తున్న ఆట సగమే అర్థమైందని రాశావు. ఇంకోసారి చెబుతాను. చిన్నప్పుడు కురుపాంలో అమ్మమ్మ ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకునేవాళ్ళం చూడు, అలాంటి పాతకాలం వీడియో ఆట. బొమ్మలన్నీ చిన్న చిన్న గడులతో ఉంటాయి, రంగులు పదహారే. ఖాకీ చొక్కా రన్నర్ ఒకడు ఎడమ నుంచి కుడికి, జాకరగుడ నుంచి హుకుంపేటకి పరుగెత్తుతాడు, రాతి మీంచి రాతి మీదికి దూకుతాడు, గోతిలో పడితే మళ్ళీ మొదటికి వస్తాడు. వాడు దూకినప్పుడల్లా వినిపించేది, మన తాతయ్య తపాలా మోసేటప్పుడు చేత పట్టిన గజ్జెల కర్ర చప్పుడే. జూన్‌లో మీ ఇంట్లో దూలానికి వేలాడుతుండగానే కదిపి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను.

నీ దగ్గర వదిలిన లాప్‌టాప్‌లో ఆటతోపాటు ఎడిటర్ కూడా ఉంది. కొండను గడి గడిగా పేర్చే పనిముట్టు అది. నీకు చిన్న అక్షరాలు కనిపించవని రాతలన్నీ తీసేసి పెద్ద బొమ్మలు పెట్టాను. రాయి బొమ్మ నొక్కి తెర మీద ఎక్కడ నొక్కితే అక్కడ రాయి పడుతుంది. చీపురు నొక్కితే పోతుంది. చెట్టు, నీళ్ళు, తపాలా సంచి, అంతే. నేను వేసిన కొండ తప్పైతే నువ్వే దిద్దు. ఆడిన ప్రతి ఆటా, దిద్దిన ప్రతి గడీ రోజు, గంటతో సహా అందులో నమోదవుతాయి. నెలకోసారి మెమరీ కార్డు తీసి కవర్లో పెట్టి పంపు. మీ ఊళ్ళో సిగ్నల్ లేకపోయినా మన పని ఆగదు.

ఒక్క సందేహం. మూడో కొండ మీద దారి మధ్యలో ఆరు గడులు ఖాళీగా వదిలేశావు. దారేమో కింద పారే గెడ్డ వైపు దిగి, చుట్టు తిరిగి, అవతల కలుస్తోంది. మరిచిపోయావనుకుని ఆ ఆరు గడుల్లో లోతైన గొయ్యి పెట్టాను. ఆ మార్పు ఈ కవర్లోని కార్డులో ఉంది, లాప్‌టాప్‌కి పెట్టు. ఆట అన్నాక ఒక్క చోటైనా గుండె ఆగాలి కదా. డిసెంబరులో బెంగళూరులో ప్రదర్శన ఉంది. అప్పటికి మూడు కొండలూ తయారవ్వాలి.

పెద్దమ్మకి మాట ఏమైనా వస్తోందా?

హేమ


జాకరగుడ
29 జూలై 2024

అమ్మా హేమా,

వాన పది రోజులుగా వదలడం లేదు. కాఫీ తోటలో కలుపు మోకాలెత్తు పెరిగింది. మిరియాల తీగ రెండు చోట్ల కుళ్ళింది.

పెద్దమ్మ అలాగే ఉంది. మార్చిలో పక్షవాతం వచ్చినప్పుడు పోయిన మాట ఇంక రాలేదు. కుడి చెయ్యి ఒళ్ళో పెడితే అక్కడే ఉంటుంది. పొద్దున్న అంబలి తాగించి, గోడకి దిండు ఆనించి కూర్చోబెట్టి తోటకి వెళ్తాను. సాయంత్రం నేను నీ ఎడిటర్‌తో కుస్తీ పడుతుంటే రెప్ప వెయ్యకుండా చూస్తుంది. లాప్‌టాప్ ఆమె మంచం పక్కన పెట్టె మీదే పెడుతున్నాను, తడి తగలదని. మొదటి కొండ మీద నువ్వు పెట్టిన చెట్టు చింత కాదు, పనస. బొమ్మ మార్చు.

ఆ ఆరు గడులు నేను మరిచిపోలేదు. అది కొండదేవుడి గట్టు. మా ఊళ్ళో ఎవరూ తొక్కరు. గంట ఎక్కువ పట్టినా నేను రోజూ గెడ్డ వైపు నుంచే చుట్టు తిరిగేవాణ్ణి. అది సరే. అక్కడ నిజంగానే లోయ ఉందని నీకెవరు చెప్పారు? నేల చీలి నిలువునా దిగిపోతుంది. పైనుంచి చూస్తే పొదలే, అడుగు కనిపించదు. నువ్వు ఊరు వదిలినప్పుడు మూడేళ్ళ గుంటవి. ఆ గొయ్యి తీసెయ్యమ్మా.

కార్డు ఇందులో పెట్టాను.

సోంబరు పెదనాన్న


విశాఖపట్నం
14 ఆగస్టు 2024

పెదనాన్నా,

ఎవరూ చెప్పలేదు. ఖాళీ కనిపిస్తే గొయ్యి పెట్టడం ఆటలు చేసేవాళ్ళందరికీ అలవాటే. నిజంగా ఉందని చదివాక నీ గ్రాఫు కాయితం మళ్ళీ తీసి చూశాను.

కార్డు చూశాను, ఇందులోనే తిప్పి పంపుతున్నాను. నీ ఆటలన్నీ సాయంత్రం ఆరు, ఏడు మధ్య ఉన్నాయి. తొందర లేకుండా నడుస్తావు, గొయ్యి ఉన్న చోటికి పోనే పోవు. మరి పగలు పదకొండు, రెండు మధ్య ఆడుతున్నదెవరు? ఆ మనిషి ఆట నీ ఆటలా లేదు. మూడో కొండ తప్ప ఇంకోటి ముట్టడు. రన్నర్‌ని హుకుంపేట కొస దాకా నడిపించి, అక్కడ ఆగి, వెనక్కి తిప్పుతాడు. నా ఆటలో వెనక్కి రావాల్సిన పనే లేదు. అలా ఇంటి వైపు నడుస్తూ వచ్చి, గోతి అంచున నిలబడతాడు. ఒకరోజు నలభై నిమిషాలు నిలబడ్డాడు. ముందు మీట అలాగే వదిలేసి వెళ్ళిపోయాడనుకున్నాను. కాదు, మధ్యమధ్య రన్నర్ తల అటూ ఇటూ తిరుగుతోంది. ఆ తర్వాత గోతిలోకి దూకుతాడు. మళ్ళీ మొదటి నుంచి నడిచి వచ్చి మళ్ళీ దూకుతాడు. లెక్కపెట్టాను. అరవై ఒక్కసార్లు, ఒకే గడిలోకి.

ఎవరైనా సరే, ఆడనివ్వు. ఇంత ఓపికగా ఆటను పరీక్షించేవాళ్ళు ఇక్కడ దొరకరు. ఎవరో చెబితే ఆట చివర పేరు కూడా వేస్తాను.

హేమ


జాకరగుడ
2 సెప్టెంబరు 2024

హేమలతకి,

నీ వస్తువు నేను ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఊళ్ళో వాళ్ళు ఆడుకుని పాడుచేస్తారని నువ్వు అనుమానపడుతున్నట్టుంది. పొద్దున్న ఎనిమిదికి తలుపు దగ్గరగా వేసి గొళ్ళెం పెట్టి వెళ్తాను, నాలుగింటికి వచ్చి తీస్తాను. లోపల కదలలేని మనిషి తప్ప ఎవరూ ఉండరు. ఆమె చేయి సంగతి రాశాను కదా.

నీకు రాయకూడదనుకున్నాను గాని రాస్తున్నాను. మొన్న బుధవారం మంచు తోట మీదికి దిగింది. ఎదురుగా ఉన్న మొక్క కనిపించడం లేదు. అప్పుడు గజ్జెల చప్పుడు వినిపించింది. ఒకసారి, ఆగి ఇంకోసారి. మా నాన్న పోయి నలభై ఏళ్ళయింది. ఆయన గజ్జెల కర్ర దూలానికి వేలాడుతోంది, నేను కూడా దాన్ని దింపను. కత్తి అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తాను. గొళ్ళెం వేసినట్టే ఉంది. లాప్‌టాప్ మూసి ఉంది. పెద్దమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. "ఎవులొచ్చినారే?" అంటే చూడను కూడా చూడలేదు.

నువ్వన్న ఆ దూకే చప్పుడే అది అని తర్వాత తోచింది. తోచాక ఇంకా భయమేసింది.

దేవుడి గట్టుని ఆ పెట్టెలోకి ఎక్కించి తప్పు చేశాం. మూడో కొండ మొత్తం తీసెయ్యి. ఇదే నా మాట.

సోంబరు


విశాఖపట్నం
17 సెప్టెంబరు 2024

పెదనాన్నా,

కోపగించుకోకు. నేను నిన్ను అనుమానించలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషివి, రోజంతా ఒక్కడివే. పగలు నువ్వే వచ్చి ఆడి, ఆ సంగతి మరిచిపోతున్నావేమో అనిపించింది. అలా జరగడం తప్పు కాదు. ఇక్కడ ఒక డాక్టరుతో మాట్లాడాను. దసరాకి వస్తే చూపిద్దాం.

మూడో కొండ తీయలేను. ఆట అంతా దాని మీదే నిలబడింది. నీ కోసం ఆ గొయ్యి పూడ్చేశాను. పద్దెనిమిది రాళ్ళు పేర్చి సాపు చేశాను. కొత్త కార్డు ఇందులో ఉంది, పాతదాని స్థానంలో పెట్టు.

ఒకటి అడుగుతాను, చెప్పాలి. గట్టు మాట వస్తే నీ ఉత్తరం రంగే మారిపోతోంది. నాన్నకీ ఆ గట్టుకీ ఏమైనా సంబంధం ఉందా? నాన్న మమ్మల్ని వదిలేసి ఒడిశా వైపు వెళ్ళిపోయాడనే అమ్మ చివరిదాకా అంది. రెండేళ్ళ కిందట ఆసుపత్రిలో కూడా, "ఆడి పేరు నా కాడ ఎత్తకు" అంది. నువ్వు మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

హేమ


జాకరగుడ
10 అక్టోబరు 2024

అమ్మా,

నా బుర్ర బాగానే ఉంది. నా దారిలో ఉన్న నూట పన్నెండు గడపల పేర్లూ వరసగా చెప్పగలను. డాక్టరు దగ్గరికి రాను.

నువ్వు అడిగావు గనక చెబుతాను. దాచిపెట్టింది ఏమీ లేదు, తెలియంది మాత్రం చాలా ఉంది.

2002 ఆగస్టులో ఆఫీసు పని మీద నేను నాలుగు రోజులు పాడేరు వెళ్ళాల్సి వచ్చింది. నా బదులు సంచి మొయ్యడానికి మీ నాన్న ధనుంజయ్ ఒప్పుకున్నాడు. నా ఇత్తడి బిళ్ళ వాడి చొక్కాకి నేనే గుచ్చాను. రెండో రోజు మధ్యాహ్నం హుకుంపేటలో సంచి తీసుకుని బయల్దేరాడు. పోస్టాఫీసు వాళ్ళు చూశారు. ఇంటికి చేరలేదు. కబురంది మూడో రోజే నేను వచ్చేశాక, గెడ్డ వైపు దారి అంతా వెతికాం. గెడ్డ పొంగి ఉంది. కొట్టుకుపోయాడేమోనని కింద రెండు ఊళ్ళ దాకా పోయాం. సంచి కూడా దొరకలేదు. సంచితో పారిపోయాడని పోలీసులు రాసుకున్నారు. ఒడిశా బస్సులో చూశామని ఎవరో అన్నారు. మీ అమ్మ అది నమ్మింది. నేను నమ్మలేదు, కాని కాదనడానికి నా దగ్గర ఏముంది?

ఆ వారమే మా పాప జ్వరంతో పోయింది. రెండేళ్ళది. ఇంట్లో ఒకేసారి రెండు దీపాలు ఆరిపోయాయి. ఆ రోజు నుంచి పెద్దమ్మ నవ్వగా నేను చూడలేదు. తర్వాత మాకు పిల్లలు లేరు.

గట్టుకీ మీ నాన్నకీ సంబంధం లేదు. మా ఇంటి మనిషి ఎవడూ ఆ దారి తొక్కడు.

నిన్న సంతకి హుకుంపేట వెళ్ళి పొద్దుపోయి వచ్చాను. ఈ కార్డు నేను ఒక్కసారి కూడా ఆడకుండా తీసి పంపుతున్నాను. ఇంక నన్ను అడగొద్దు.

పెదనాన్న


విశాఖపట్నం
23 అక్టోబరు 2024

పెదనాన్నా,

ఈ ఉత్తరం పెద్దమ్మ చూడని చోట చదువు.

నువ్వు ఆడలేదన్నావు. కార్డులో నీ ఆట ఒక్కటీ లేదు, నిజమే. కాని ఎవరో ఎడిటర్ తెరిచారు. చీపురు బొమ్మ నొక్కి నేను పేర్చిన రాళ్ళు తీశారు. ఒక్కసారిగా కాదు, రోజుకి రెండో మూడో. గురి కుదరక పక్క గడులు కూడా చెరిగాయి, వాటిని మళ్ళీ పెట్టారు. ఎనిమిది రోజులకి గొయ్యి మళ్ళీ తెరుచుకుంది. ఇక అక్టోబరు తొమ్మిది, నువ్వు సంతలో ఉన్న రోజు, ఒంటిగంట పది నిమిషాలకి సంచి బొమ్మ నొక్కారు. తపాలా సంచిని తీసుకెళ్ళి గోతి అడుగున పెట్టారు. ఆ పైన రన్నర్‌ని నడిపించి అక్కడికే దూకించి, లాప్‌టాప్ మూసేశారు.

మొదట ఇది నా ప్రోగ్రాంలో తప్పు అనుకుని రెండు రోజులు వెతికాను. తప్పేమీ లేదు. భానుశ్రీ ఈ గదిలో పడుకోవడం మానేసింది.

గొళ్ళెం వేసిన ఇంట్లో ఉండేది ఒక్కరే. పెద్దమ్మ కుడి చెయ్యి పోయింది. ఎడమ చెయ్యి సంగతి నువ్వు ఎప్పుడూ రాయలేదు. చదువు రాని మనిషికి కూడా అర్థమయ్యేలా ఆ బొమ్మలు పెట్టింది నేనే.

గద్దించకు. ఒకరోజు తోటకి వెళ్ళడం మానేసి లాప్‌టాప్ తెరిచి ఆమె పక్కన కూర్చో.

హేమ


జాకరగుడ
9 నవంబరు 2024

హేమా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాయితాలు చింపాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను. లాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, "ఆడు, నాను సూత్తాను" అన్నాను. ఆమె ఎడమ చెయ్యి లేచింది. ఆ వేలికి మీట తెలుసు. రన్నర్‌ని హుకుంపేట కొస దాకా తీసుకుపోయింది. తిప్పింది. గెడ్డ వైపు దింపకుండా నేరుగా గట్టు మీదికి ఎక్కించింది. గోతి అంచున ఆపి నా మొహం చూసింది.

"ధనుంజయా?" అన్నాను.

తల ఊపింది.

"ఆ దారిన రమ్మని ఆడికి ఎవులు సెప్పినారు? నువ్వేనా?"

ఊపింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నేను ఒక్కొక్కటీ అడిగాను, ఆమె అవుననో కాదనో ఊపింది. పొద్దు గూకేదాకా పట్టింది. ఆ రోజు పాపకి ఒళ్ళు కాలిపోతోంది. నేను ఊళ్ళో లేను. మీ నాన్న బయల్దేరుతుంటే, హుకుంపేటలో మందు తీసుకుని గట్టు మీంచి అడ్డంగా వచ్చెయ్యి, బేగి ఒచ్చెయ్యి అని ఆమే చెప్పింది. వాడు రాలేదు. పాప పోయింది. తను దేవుడి గట్టు తొక్కించినందుకే రెండు ప్రాణాలూ పోయాయని అనుకుంది. చెబితే ఊరు వెలివేస్తుందని నోరు మూసుకుంది. మేం గెడ్డ వెంట వెతుకుతుంటే చూస్తూ ఊరుకుంది. తర్వాత చెప్పడానికి రోజు దాటిపోయింది, ఏడాది దాటిపోయింది, చివరికి మాటే పోయింది.

మర్నాడు పూజారిని బతిమాలి, నలుగురు మనుషులతో తాళ్ళు కట్టుకుని లోయలోకి దిగాను. దొరికాడమ్మా. ఎముకలు, నా ఇత్తడి బిళ్ళ. ఒక కాలి ఎముక రెండుగా విరిగి ఉంది. మందు సీసా మూత తియ్యకుండానే ఉంది. మీ నాన్న ఎక్కడికీ పారిపోలేదు. ఇంటికి వస్తున్నాడు.

పోలీసులు వచ్చి రాసుకున్నారు. నీకు వాళ్ళు కూడా కబురు పంపుతారు.

ఇంకొకటి ఉంది. ఇది రాయకపోతే నేను కూడా ఆమెలాగే అవుతాను. సంచి వాడి పక్కన లేదు. వానకి తడవకుండా రాతి చూరు కింద, లోపలికంటా నెట్టి ఉంది. పడుతూ పడుతూ ఎవరూ అలా పెట్టలేరు. పడ్డాక వాడు బతికే ఉన్నాడు. ఎన్ని రోజులో దేవుడికి తెలియాలి.

నేను పాడేరు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న మంచులోంచి ఒక కేక వినిపించింది. గట్టు వైపు నుంచి. ఊరంతా విన్నది. కొండ పిలుస్తోంది, ఎవరూ పలకొద్దు, పలికినవాణ్ణి తీసుకుపోతుంది అని అప్పటి పూజారి అన్నాడు. అందరం తలుపులు వేసుకున్నాం. నేనూ వేసుకున్నాను. పెద్దమ్మ తలుపు దగ్గరికి పోతే నేనే చెయ్యి పట్టి లాగాను. "పలక్కే" అన్నాను.

ఆమెను ఏమైనా అనడానికి నాకు నోరు లేదు. నన్ను అనడానికి నీకు ఉంది.

సోంబరు


విశాఖపట్నం
16 నవంబరు 2024

గురువారం కిరండూల్ రైలుకి వస్తున్నాను. అరకు స్టేషనుకి ఎవరినీ పంపొద్దు. నాన్నని నేనే దహనం చేస్తాను. పెద్దమ్మతో నేనేం మాట్లాడాలో ముందే చెప్పొద్దు.

హేమ


విశాఖపట్నం
8 డిసెంబరు 2024

పెదనాన్నా,

వచ్చి రెండు వారాలైనా నీకు రాయలేకపోయాను.

మీ ఇంట్లో ఉన్న మూడు రోజులూ పెద్దమ్మ మొహం చూడలేదు. నాకు అంబలి పెట్టమని నీకు సైగ చేస్తుంటే కూడా గోడ వైపు చూశాను. బయల్దేరే ముందు ఆమె నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. ఆ ఎడమ చేతిలో అంత బలం ఉందని అప్పుడే తెలిసింది. బస్సులో కూర్చున్నాక కూడా మణికట్టు మీద ఆ పట్టు అలాగే ఉంది.

నాకు కోపం పోలేదు. నీ మీద కూడా. అమ్మ ఇరవై ఏళ్ళు ఒక అబద్ధం కింద బతికి, దాన్నే పట్టుకుని పోయింది. తలుపు తీసి ఒక్కరు "ఓయ్" అని ఉంటే అంతా వేరేగా ఉండేది. ఇది నీకు ఉత్తరంలో రాయగలుగుతున్నాను గాని ఎదురుగా అనలేకపోయాను. బహుశా మీ ఇద్దరి కంటే నేనేం మెరుగు కాదు.

అయినా ఒకటి పెద్దమ్మకి చదివి వినిపించు. నాన్న నన్ను వదిలిపోలేదని నాకు చెప్పింది ఆమే. మాట లేకుండా, ఒక్క చేత్తో, మూడు నెలలు కష్టపడి చెప్పింది. చెప్పకుండా చచ్చిపోయి ఉండొచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. ఇది నేను మరిచిపోను. క్షమించానని మాత్రం చదవకు, ఎందుకంటే అలా రాయలేదు.

బెంగళూరుకి రెండు కొండలతోనే వెళ్తున్నాను. మూడోదాన్ని ఆటలోంచి తీసేశాను. అక్కడ సరదాగా ఎవరో దూకుతుంటే చూసి నేను నిలబడలేను.

లాప్‌టాప్ మీ దగ్గరే ఉంచుకోండి.

హేమ


జాకరగుడ
5 జనవరి 2025

అమ్మా హేమా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించాను. చదవొద్దన్నది కూడా చదివాను. ఆమె తల ఊపింది, అంతే. లాప్‌టాప్ మీద గుడ్డ కప్పించింది. ఇప్పుడు దాని జోలికి పోవడం లేదు. పూజారి మా ఇంటికి రావడం లేదు. తోటలో కూలికి ఇద్దరే వస్తున్నారు. ఊరు వెలివెయ్యలేదు గాని దారిలో ఎదురుపడితే పక్కకి తప్పుకుంటున్నారు. ఆ కేక విన్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు కదా, మా మొహం చూడాలంటే వాళ్ళకీ కష్టమే.

నిన్నటి సంగతి నీకు చెప్పాలి. నువ్వు నమ్మినా నమ్మకపోయినా సరే.

నిన్న పొద్దున్న మంచు గుమ్మంలోకి వచ్చేసింది. పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాం. గట్టు వైపు నుంచి కేక వినిపించింది. పేరు పెట్టి కాదు, ఊరికే, దూరంగా ఉన్న మనిషి ఇంకో మనిషిని పిలిచినట్టు. వీధిలో తలుపులు వరసగా పడ్డాయి. పెద్దమ్మ ఎడమ చేత్తో గోడ పట్టుకుని లేచింది. తొమ్మిది నెలల్లో తనంతట తను లేవడం అదే మొదలు. కుడి కాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా పోయి, నోరు తెరిచి ఒక అరుపు అరిచింది. మాట కాదు. పశువు అరిచినట్టుంది. నేను కూడా వెళ్ళి పక్కన నిలబడి, "ఓయ్! వత్తన్నాం! ఉండు!" అని గొంతు పగిలేలా కేకేశాను.

ఆమెను వీపున ఎక్కించుకుని గట్టు దాకా పోయాను. దారంతా పలుకుతూనే ఉన్నాం, ఆమె ఒకసారి, నేను ఒకసారి.

అక్కడ ఎవరూ లేరు. లోయ అంచున మంచు తప్ప ఏమీ లేదు. కేక మళ్ళీ రాలేదు. వెనక్కి వచ్చేద్దామంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఎండ వచ్చి మంచు పూర్తిగా విడిపోయేదాకా, అడుగున ఉన్న రాళ్ళు కనిపించేదాకా, ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

పెదనాన్న